లక్క పళ్ళెంలో లండన్ సంగీతం

పాత గ్రామఫోన్ ప్లేటు మీద ముల్లు పెట్టగానే ముందు బాణలిలో పోపు చిటపటలాడినట్టు చప్పుడు వినిపిస్తుంది. ఆ వెనకే శాక్సోఫోన్లు లేస్తాయి. తర్వాత గాయకుడు అల్ బౌలీ గొంతు, ఎవరో మన పక్కనే కూర్చుని చెబుతున్నట్టు. 1934 ఫిబ్రవరిలో రే నోబుల్ బృందంతో ఆయన లండన్‌లో పాడిన ‘మిడ్‌నైట్, ది స్టార్స్ అండ్ యూ’ పాటను 1980లో దర్శకుడు స్టాన్లీ క్యూబ్రిక్ ‘ది షైనింగ్’ సినిమా చివర వాడుకున్నాడు. అలా తాతల నాటి పాట మనవల చెవిన పడింది. 1930ల నాటి ఈ బ్రిటిష్ బ్యాండ్ రికార్డులను ఆ రోజులు చూడనివాళ్ళు కూడా వెతుక్కుని వింటున్నారు. కనుక పాత జ్ఞాపకాల మీద మమకారం ఒక్కటే దీనికి కారణం కాలేదు. అసలు కారణం ఆ శబ్దం తయారైన తీరులో ఉంది.

గరాటు పోయి మైకు వచ్చె

1925కు ముందు రికార్డింగుకు కరెంటు వాడేవారు కాదు. వాద్యకారులంతా పెద్ద గరాటు ముందు కిక్కిరిసి నిలబడి గట్టిగా వాయించేవారు. ఆ ధ్వని బలంతోనే మైనపు పళ్ళెం మీద గాడి పడాలి. మెల్లగా పాడితే పడదు. సెకనుకు సుమారు 2000 కంపనాలు దాటిన ధ్వనులు పెద్దగా అందేవి కావు.

1925లో మైక్రోఫోనుతో రికార్డు చేయడం మొదలయ్యాక ఆ హద్దు 5000 దాకా పెరిగింది. చెవి 20,000 దాకా వినగలదు కదా, ఇది తక్కువే అనిపించవచ్చు. కానీ మాట స్పష్టంగా అర్థం కావడానికి కావలసిన ధ్వనుల్లో చాలా భాగం 300 నుంచి 3400 లోపే ఉంటాయి. పాత టెలిఫోన్ లైన్లు మోసింది కూడా అంతే. అందుకే మనిషి గొంతు ఆ ప్లేటులో హాయిగా ఇమిడింది. అరవకుండా, లాలిపాటలా పాడే పద్ధతికి మైకే ప్రాణం పోసింది.

స్టూడియోలో మైకులు ఒకటో రెండో ఉండేవి. గాయకుడు మైకుకు దగ్గరగా, శాక్సోఫోన్లు కాస్త ఎడంగా, ట్రంపెట్లు ఇంకా వెనక. ఖాళీ ప్రదేశంలో దూరం రెట్టింపైతే శబ్ద తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. ఎవరు ఎంత వినిపించాలన్నది నిలబడే చోటే తేల్చేది. గోడలకు తగిలి వచ్చిన ధ్వనీ దానికి తోడయ్యేది. కళ్ళు మూసుకుని వింటే గది మొత్తం మన ముందుంటుంది.

అతుకు లేని మూడు నిమిషాలు

పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. ఒక వైపు సుమారు మూడు నిమిషాల పాట, అంటే 234 చుట్లు. ఆ గాడిని తాడులా విప్పి పరిస్తే సుమారు 120 మీటర్లు ఉంటుంది. మైనం మీద చెక్కిన గాడికి అతుకు వేయడం కుదరదు. ఆఖరి క్షణంలో ఒక్క ట్రంపెట్ తప్పినా ఆ మైనం పక్కన పెట్టి మళ్ళీ మొదటినుంచి వాయించాల్సిందే. మే ఫెయిర్ హోటల్లో ఆంబ్రోస్ బృందం, మాన్సెన్యూర్ రెస్టారెంటులో లూ స్టోన్ బృందం రాత్రుళ్ళు నాట్యాలకు వాయించి చేయి తిరిగినవాళ్ళు కాబట్టే అది సాధ్యపడింది. మనం వింటున్న మూడు నిమిషాలూ ఒక గదిలో నిజంగా గడిచిన మూడు నిమిషాలే. 1941 ఏప్రిల్‌లో జర్మన్ విమానాలు లండన్ మీద వేసిన పారాచూట్ బాంబు బౌలీ ఇంటి బయట పేలి ఆయన చనిపోయాడు. ఆయన గడిపిన ఆ నిమిషాలు మాత్రం చెక్కుచెదరలేదు.

చిటపటల వెనక లక్క

ఈ ప్లేట్లలో మన అడవుల పాలు ఉంది. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే జిగురే వీటిని పట్టి ఉంచే పదార్థం. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చే లక్క కూడా అదే. ఆ కాలంలో ప్రపంచానికి లక్క ఎక్కువగా అందించింది ఇండియాయే. లక్కలో మెత్తటి రాతిపొడి, నల్లరంగు కోసం మసి కలిపి, వేడిచేసి, ఆ మైనపు గాడి నుంచి తీసిన అచ్చుతో ఒత్తేవారు. ఉక్కు ముల్లును గాడి ఆకారానికి అరగదీసేది ఆ రాతిపొడే. అందుకే ప్రతి పాటకూ కొత్త ముల్లు మార్చమనేవారు. చిటపటలకు, బుసకు కూడా చాలావరకు అదే మూలం. అయినా పెళ్ళి భోజనాల పందిట్లో ఎంత గోలగా ఉన్నా మన పేరు వినబడితే ఠక్కున తల తిప్పుతాం కదా. అలాగే మెదడు ఆ బుసను పక్కకు నెట్టి పాటను పట్టుకుంటుంది.

మీ అటక మీద పాత 78 ప్లేట్లుంటే, తెలుగు పాటలవైనా సరే, ఒక్కసారి దించి చూడండి. అవి చాలావరకు లక్కవే. స్పిరిటుతో మాత్రం తుడవకండి. లక్క ఆల్కహాలులో కరుగుతుంది, గాడితో పాటు పాటా పోతుంది. ఎల్పీ రికార్డుల ముల్లు వీటికి పనికిరాదు. 78 గాడి దానికి దాదాపు మూడింతలు వెడల్పు, తగిన ముల్లు వేరే ఉంటుంది. మెత్తటి పొడిబట్టతో దుమ్ము తుడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా పెట్టండి. కింద పడితే మట్టి మూకుడులా పగిలిపోతాయి. పగలకుండా కాపాడితే ఇంకో తరం వింటుంది.