విద్యార్థి నటునికి ఏం నేర్పాలి?

ఈ సంచికకు నాటకం గురించి నాలుగు మాటలు రాయమని మన యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, "వేయించడమే గానీ రాయడం నాకేం తెలుసప్పా!" అన్నాను. "వేయించేటప్పుడు ఏం చేస్తారో అదే రాయండి సార్" అన్నాడు. ఇక తప్పించుకోవడానికి వీల్లేకపోయింది.

మాది కోసిగి. గుంతకల్లు-రాయచూరు రైలు మార్గంలో ఆదోని దాటినాక వచ్చే ఊరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోదే. కనుక బళ్ళారి నాటకం మాకు పరాయిది కాదు. చిన్నప్పుడు ఒకపక్క కన్నడ బయలాట, మరొకపక్క తెలుగు పౌరాణిక నాటకం చూస్తూ పెరిగాను. హార్మోనియం మాస్టరు పద్యం పాడి వినిపించేవాడు. వేషం కట్టేవాళ్ళు అదే గొంతుతో, అదే సాగదీతతో తిరిగి పాడేవాళ్ళు. అక్షరం రానివాడు సైతం పద్యాలకు పద్యాలు కంఠస్థం చేసేవాడు. ఆ పద్ధతిని నేను తక్కువ చేయను. అయితే అందులో ఒక చిక్కుంది. పదిమంది కృష్ణులుంటే పదిమందిదీ మాస్టరు గొంతే!

1887లో బళ్ళారిలో 'చిత్రనళీయం' ప్రదర్శించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగు నాటకంలో రాగయుక్తమైన పద్యానికి పెద్దపీట వేశారు. ఆయన మేనల్లుడే బళ్ళారి రాఘవ (1880-1946). ఆ మేనమామ నీడలోనే రాఘవ నటుడైనాడు. అయినా మామ బాణీని వల్లె వేయలేదు. రాగాలాపన తగ్గించి మాటకూ, చూపుకూ, భావానికీ ప్రాధాన్యమిచ్చాడు. గురువు దగ్గర పెరిగి గురువుకు నకలు కాకపోవడమంటే ఇదే గదా!

నేడు నాటకం విశ్వవిద్యాలయాల్లో పాఠ్యవిషయం. 1959లో ఢిల్లీలో జాతీయ నాటక విద్యాలయం వెలిసింది. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనూ, 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళలకు శాఖలున్నాయి. కానీ చాలా కళాశాలల్లో జరిగేది వేరు. సాయంత్రం క్లాసులయినాక ఒక ఖాళీ గది, పదిమంది పిల్లలు, నాటకమంటే ఇష్టమున్న ఒక అధ్యాపకుడు, అంతే. నాలాంటి ఆ అధ్యాపకుల కోసమే ఈ మాటలు.

మొదటి వారం నేను నాటకం పుస్తకం చేతికివ్వను. ఊపిరి పట్టడం, నడవడం, ఎదుటివాడు చెప్పేది వినడం, వీటితోనే సరిపెడతాను. మన పిల్లలకు మాట్లాడడం వచ్చుగానీ వేదిక మీద వినడం రాదు. తన డైలాగు ఎప్పుడొస్తుందా అని కాచుకొని ఉంటారు. తర్వాత ప్రతి పాత్రకూ మూడు ప్రశ్నలు: నేనెక్కణ్ణించి వచ్చాను? ఎదుటి మనిషి నుంచి నాకిప్పుడు ఏం కావాలి? దానికి అడ్డేమిటి? జవాబులు దొరికినాక, ఆ సన్నివేశాన్ని ముందు వాళ్ళ ఇంటి యాసలోనే ఆడించి చూస్తాను. యాసకు సిగ్గుపడే పిల్లవాడి గొంతు లేవదు. యాసలో ప్రాణం వచ్చినాక రచయిత మాటల్లోకి వస్తాం. తప్పు చెప్పవలసి వస్తే ఒకసారికి ఒక్కటే చెబుతాను. అదీ పక్కకు పిలిచి. అన్నిటికంటే ముఖ్యం, "ఇట్లా చెయ్యి" అని నేను చేసి చూపించను. చూపిస్తే హార్మోనియం మాస్టరుకూ నాకూ తేడా ఏముంది?

ఇదంతా నేను తప్పులు చేసి నేర్చుకున్నదే. ఒక తప్పు మాత్రం చెప్పక తీరదు.

ఒక ఏడాది, కరువుకు ఊరు విడిచిపోయే కుటుంబం మీద నాటిక వేయించాను. తండ్రి వేషం మా కోసిగి అబ్బాయిదే. మా పక్క పల్లెల నుంచి ప్రత్తి ఏరడానికీ, మిరపకాయలు కోయడానికీ గుంటూరు వైపు పోవడం తెలిసిందే. దాన్ని 'సుగ్గికి పోవడం' అంటారు. వీడి అమ్మానాన్నలూ పోతారని నాకు తెలుసు. రిహార్సల్లో కన్నీరు రాలేదని, అందరి ఎదుటా "మీ అమ్మ సుగ్గికి పోయిన రోజు గుర్తు తెచ్చుకో" అన్నాను. అదేదో పెద్ద శిక్షణ అనుకున్నాను. వాడు తలవంచుకున్నాడు. మర్నాడు రాలేదు.

సంక్రాంతి సెలవుల్లో ఊరికి పోయి వాళ్ళింటికి వెళ్ళాను. తలుపుకు తాళం. అరుగు మీద అవ్వ, పక్కన వీడు. "ఆ మాట అంతమందిలో అడగొద్దు సార్" అన్నాడు. అంతే అన్నాడు. "తప్పు నాదే నాయనా" అన్నాను. కాసేపటికి వాడే చెప్పుకొచ్చాడు, పోయే ముందర ఏమేం చేస్తారో: రొట్టెలు మూట కట్టడం, కోళ్ళను పక్కింటివాళ్ళకు అప్పగించడం, తాళం వేసి మళ్ళీ ఒకసారి లాగి చూడడం.

నటుడు తన జ్ఞాపకాలను తవ్వుకోవాలని మొదట చెప్పిన స్టానిస్లావ్‌స్కీ కూడా చివరి సంవత్సరాల్లో దాని మీద కంటే, పాత్ర చేసే పనుల మీదే ఎక్కువగా దృష్టి పెట్టాడు. పుస్తకంలో చదివిన ఆ సంగతి నాకు ఆ అరుగు మీద అర్థమైంది. పిల్లవాడిని ఏడవమనకూడదు. మూట కట్టమనాలి.

వాడు తిరిగి వచ్చాడు. ప్రదర్శన రోజు మూట కట్టాడు, తాళం వేశాడు, లాగి చూశాడు. కంట చుక్క నీరు లేదు. హాల్లో చప్పుడు లేదు.

బహుమతి రాలేదు లెండి. కానీ ఆ తర్వాతి ఏడు కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారం పాఠం వాడే చెప్పాడు. వెనక బెంచీలో కూర్చొని విన్నాను. నా మాట ఒక్కటీ వాడి నోట రాలేదు. అంతా వాడి సొంతమే. అధ్యాపకుడికి అంతకంటే కావలసిందేముంది?