కలివికోడిని ఎవరు చూపించారు?

మన కడప, కర్నూలు సీమలకు పరదేశులు రావడం కొత్త సంగతి కాదు. కొందరు పన్ను వసూలుకు వచ్చారు. కొందరు సువార్త చెప్పడానికి వచ్చారు. మరికొందరు రోగులకు మందివ్వడానికి వచ్చారు. వచ్చినవారిలో చాలామంది ఈ ఎండలను తిట్టుకుంటూ కాలం గడిపి, సెలవు దొరకగానే ఓడ ఎక్కి వెళ్ళిపోయారు. కొద్దిమంది మాత్రం తాము వచ్చిన దేశమేమిటో, ఇక్కడి మనుషులెవరో, ఇక్కడి మాట ఏమిటో, ఇక్కడి చెట్టూ పిట్టా ఏమిటో తెలుసుకోవాలని ఓపికగా కూర్చున్నారు. అలాంటివారి వల్ల మనం కూడా మన ఇంటిని కొత్తగా చూసుకున్నాము. ఈ నెల ఒక చిన్న పిట్ట కథను ఆ దృష్టితోనే చెప్పుకుందాం.

పిట్ట దగ్గరకు వెళ్ళే ముందు బ్రౌను దొరను తలచుకోవాలి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చాడు. అప్పటికి ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. తండ్రి డేవిడ్ బ్రౌన్ కలకత్తాలో పాదిరీ. కచేరీ పని ముగిసిన తరువాత ఈ యువకుడు తెలుగు పండితులను పిలిపించుకుని, ఊరూరా తాటాకు ప్రతులు వెదికించి, సొంత జీతంలోంచి ఖర్చు పెట్టి వాటిని కాగితం మీద రాయించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. 1852లో నిఘంటువు తెచ్చాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఈనాడు ఆయన పేరుతో గ్రంథాలయం నిలిచి ఉంది. ఇది చాలామందికి తెలిసినదే. ఇక్కడ గమనించవలసినది ఒక్కటే. బ్రౌను దొరకు తెలుగు ఆకాశం నుండి ఊడిపడలేదు. తెలిసినవాళ్ళను అడిగాడు, వాళ్ళు చెప్పారు, ఆయన రాసుకున్నాడు.

భాషకైతే పండితులున్నారు. మరి పిట్టలకు పండితులెవరు?

థామస్ కావెర్‌హిల్ జెర్డన్ అనే డాక్టరు దొరకు ఈ ప్రశ్న ఎదురయింది. 1811లో ఇంగ్లండులో పుట్టి, ఎడింబరోలో వైద్యం చదివి, ఇరవై నాలుగేళ్ళ వయసులో కంపెనీవారి పటాలానికి డాక్టరుగా మద్రాసు రాష్ట్రంలోకి వచ్చాడు. పటాలం ఎక్కడికి పోతే అక్కడికి పోవాలి. ఆ తిరుగుడులోనే ఆయనకు పిట్టల మీద ధ్యాస కుదిరింది. తరువాత నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్నప్పుడు యానాదులతో పరిచయమయింది. అడవిలో ఏ పాము ఏ పుట్టలో ఉంటుందో, ఏ పిట్ట ఏ వేళకు కూస్తుందో వాళ్ళకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. డాక్టరు దొర వాళ్ళను అడిగి తెలుసుకున్నాడు. దక్షిణ దేశపు పక్షుల మీద 1843 నుండి 1847 వరకు బొమ్మల పుస్తకం వేయించినప్పుడు ఆ బొమ్మలు గీసినవారు మన దేశపు చిత్రకారులే. 1862 నుండి 1864 వరకు భారతదేశపు పక్షుల గురించి పెద్ద గ్రంథం రాసినప్పుడు ప్రతి పిట్టకూ లాటిన్ పేరుతో పాటు హిందీలో, తెలుగులో, అరవంలో జనం ఏమని పిలుస్తారో దొరికినంత మటుకు రాశాడు. ఇంగ్లీషు అక్షరాలలో ఆ తెలుగు పేర్లు చదవడం కాస్త కష్టమే. అయినా నూటయాభై ఏళ్ళకు పైగా గడిచాక కూడా అవి మిగిలి ఉన్నాయంటే ఆయన రాసిపెట్టినందువల్లనే.

ఆ రోజుల్లోనే, నెల్లూరుకు పడమట కనుమల మీద, కడప సీమలో, ఆయనకు ఒక పిట్ట దొరికింది. కౌజుకన్న పెద్దది, కోడికన్న చిన్నది. ముక్కు నుండి తోక వరకు జానెడుకు కొంచెం ఎక్కువ. మట్టి రంగు ఒళ్ళు, పొడుగు కాళ్ళు, పెద్ద కళ్ళు. కంటి మీద తెల్లని గీత. గొంతు కింద నారింజ రంగు మచ్చ. రొమ్ము మీద జంధ్యం మాదిరి కాదు గాని, మెడలో వేసుకున్న పట్టీల మాదిరి రెండు పట్టీలు. కలకత్తా మ్యూజియంలో ఉన్న ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. రెండు పట్టీలు గలది అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. ఇంగ్లీషులో దీనికి జెర్డన్ పేరే వచ్చింది. కాని ఆయన రాతలోనే దీనికి తెలుగు పేరు కూడా ఉంది. అడవిలో ఉండే తీతువు అన్న అర్థంలో ఇక్కడివాళ్ళు చెప్పిన పేరు అది. అంటే దొర రాకముందే ఈ పిట్టకు పేరుంది. ఆ పేరు పెట్టినవాడెవరో ఏ పుస్తకంలోనూ లేదు.

ఆదికాండము రెండవ అధ్యాయంలో ఆదాము ప్రతి జీవికీ పేరు పెట్టిన సంగతి మన ఆదివార బడి పిల్లలకు కూడా తెలుసు. ఆ పని ఏదెను తోటతో ముగియలేదని, మన గుట్టల మీద జీవాలు కాసే మనిషి కూడా ఆ పనే చేశాడని నాకు అనిపిస్తుంది.

ఇకపోతే ఈ పిట్ట కథలో మన సంఘాలకు దగ్గరి మనిషి ఒకరున్నారు. రెవరెండ్ విలియం హోవర్డ్ క్యాంబెల్ గారు లండన్ మిషన్ తరఫున 1884లో కడప సీమకు వచ్చారు. మంచి తెలుగు మాట్లాడేవారని పేరు. తరువాత గుత్తిలో ఉపదేశకులకు బోధించారు. క్యాంబెల్ అనగానే జమ్మలమడుగు వైపువారికి ఆసుపత్రి గుర్తుకు వస్తుంది. ఆ ఆసుపత్రి పేరు డాక్టరు క్యాంబెల్ గారిది. మన పాదిరీ క్యాంబెల్ గారికి సువార్త పనితో పాటు రాత్రి దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగులను పట్టి పరిశీలించడం ఒక ఇష్టం. పిట్టలను కూడా అంతే శ్రద్ధగా చూసేవారు. బోధకునికి ఇదేమి పని అని ఆ రోజుల్లో ఎవరైనా గొణిగి ఉండవచ్చు. కాని 1900లో అనంతపురం దగ్గర ఈ రెండు పట్టీల పిట్టను చూసినది ఆయనే.

ఆయన తరువాత ఎనభై అయిదేళ్ళు ఏ పక్షి శాస్త్రజ్ఞునికీ ఇది కనపడలేదు. ఒకటి రెండు తరాలు వెదికి విసిగిపోయాయి. ఇండియాలో పక్షుల శాస్త్రానికి పెద్ద దిక్కు అనదగిన సలీం ఆలీ గారు కూడా వెదికించారు. లేదు. ఇక ఈ జాతి అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసుకున్నారు.

పిట్ట మాత్రం లంకమల కింద కలివి పొదల మధ్య తన పాటికి తాను పురుగులు ఏరుకుంటూనే ఉంది.

1985లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారు మళ్ళీ వెదకడం మొదలుపెట్టారు. ఆ పని మీద వచ్చిన యువకుడు భరత్ భూషణ్. ఈసారి ఆయన చేసిన పని తేలికగా కనిపిస్తుంది గాని దానిలోనే కీలకమంతా ఉంది. పిట్ట బొమ్మ పట్టుకుని పల్లెలకు వెళ్ళి, దీనిని చూశారా అని కాపరులను, వేటగాళ్ళను, పిట్టలు పట్టేవాళ్ళను అడిగాడు. బద్వేలు, సిద్ధవటం ప్రాంతంలో, లంకమల దాపున ఉన్న రెడ్డిపల్లిలో కొందరు తెలుసునన్నారు. కలివికోడి అన్నారు. కలివి పొదల కింద తిరుగుతుంది కనుక కలివికోడి. మన పిల్లలు నోరు నల్లగా చేసుకుని తినే కలివికాయల చెట్టే అది.

రెడ్డిపల్లిలో పిట్టలు పట్టే ఐతన్న 1986 జనవరిలో ఒక రాత్రి టార్చి వెలుగులో ఆ పిట్టను చూశాడు. వెలుగుకు కళ్ళు చెదిరి అది కదలలేదు. పట్టుకుని తెచ్చాడు. ఎనభై అయిదేళ్ళు పెద్ద పెద్దవారు వెదికినా దొరకనిది, బడి ముఖం పెద్దగా ఎరుగని పల్లె మనిషి చేతికి దొరికింది. పాపం, ఆ పిట్ట తరువాత బ్రతకలేదు. దాని కళేబరం బొంబాయి సంఘంవారి దగ్గర భద్రంగా ఉంది. సలీం ఆలీ గారికి అప్పుడు ఎనభై తొమ్మిదేళ్ళు. ఈ వార్త వినే భాగ్యం ఆయనకు కలిగింది. మరుసటి ఏడు 1987లో ఆయన కన్నుమూశారు.

ఇన్నేళ్ళు ఎందుకు దొరకలేదు? వెదికినవారు పగలు వెదికారు. ఇది రాత్రి తిరిగే పిట్ట. ఆ పెద్ద కళ్ళు అందుకే. పగలంతా పొద నీడలో మట్టిలో మట్టిగా కలిసిపోతుంది. పొద్దు గుంకి, చీకటి చిక్కబడే వేళ రెండు స్వరాల చిన్న కూత కొన్ని నిమిషాలు వినిపిస్తుంది, అంతే. రాత్రి కంప అడవిలో తిరిగే పని దొరలకు లేదు, శాస్త్రజ్ఞులకూ లేదు. ఆ పని ఎవరికి ఉందో వాళ్ళకే పిట్ట తెలుసు. వాళ్ళను అడిగినవారు అంతకు ముందు తక్కువ.

తరువాతి సంవత్సరాలలో దీనిని వెదికే పద్ధతి కూడా ముచ్చటైనది. పొదల మధ్య అక్కడక్కడ మెత్తని మట్టిని చాపలాగా పరుస్తారు. రాత్రి ఏ జీవి నడిచినా అడుగు ముద్ర పడుతుంది. తెల్లవారి వచ్చి ముద్రలు చూస్తారు. కలివికోడికి కాలి వేళ్ళు ముందుకు మూడే, కాబట్టి ముద్రను ఓపికగా కొలిచి గుర్తుపట్టవచ్చు. దానితో పాటు, ఎదుటికి ఏదైనా వస్తే తనంతట తానే ఫోటో తీసే కెమెరాలు కట్టారు. అలా పరిశీలించినందువల్ల ఒక సంగతి తేలింది. ఈ పిట్టకు దట్టమైన అడవి పనికిరాదు, బట్టబయలు మిట్ట కూడా పనికిరాదు. రెండున్నర ఎకరాలకు మనిషి కన్నా ఎత్తు పొదలు మూడు వందల నుండి ఏడు వందల వరకు ఉండి, వాటి మధ్య నడవడానికి ఖాళీ నేల ఉండాలి. మేకలు మితంగా మేసి, కంప మితంగా కొట్టుకునే చోటు సరిగ్గా అలాగే ఉంటుంది. కాబట్టి కాపరిని తరిమివేసి పిట్టను కాపాడతామనుకోవడం తొందరపాటు.

పొదలు కొట్టేయడం వేరే సంగతి. మనం బీడు అనే నేల, కంప అనే చెట్టు ఈ పిట్టకు ఇల్లు. ఆ మాట పెద్దగా ఎవరికీ తోచదు, ఎందుకంటే బీడు అంటే పనికిరానిదనే మనకు అలవాటు. లంకమల్లేశ్వర అభయారణ్యం 1988లో ఏర్పడింది. ఆ ఏడాదే తపాలా శాఖ ఈ పిట్ట బొమ్మతో స్టాంపు వేసింది. అయితే తెలుగు గంగ కాలువ కూడా ఆ దారినే రావలసి ఉంది. 2005లో మట్టి తవ్వే యంత్రాలు కలివికోడి తిరిగే పొదల్లో దిగాయి. పక్షి ప్రేమికులు కోర్టు వరకు వెళ్ళారు. చివరికి ఆ భాగంలో కాలువ దారి మార్చారు. ఒక పిట్ట కోసం నీళ్ళు ఆపుతారా అని అడిగిన రైతు మీద కోపగించుకోవడం సరికాదు. మూడేళ్ళకొకసారి కరువు చూసినవాడు అలా అడగక మరేమి అడుగుతాడు? కాని కాలువను నాలుగు మైళ్ళు పక్కకు జరపవచ్చు. పిట్టకు వేరొక లంకమలను మనం కట్టలేము. నీళ్ళూ రావాలి, పిట్టా ఉండాలి. దారి మార్చడం రెండింటికీ మేలయిన తీర్పని నా నమ్మకం.

కర్నూలువారికి ఇలాంటి కథే రోళ్ళపాడులో ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పడింది. కంచె వేశారు, గడ్డి పెరిగింది, కృష్ణజింకలు పెరిగాయి, అవి చుట్టూ పొలాలలో పైరు మేశాయి. ఊరివారికి పిట్ట మీద ఉన్న గౌరవం కాస్తా పోయింది. ఇప్పుడు అక్కడ బట్టమేక కనపడటం చాలా అరుదు. ఊరిని వెంట పెట్టుకోకుండా ఏ పిట్టనూ నిలబెట్టలేమని రోళ్ళపాడు చెబుతున్నది.

కలివికోడి కూడా 2009 తరువాత ఏళ్ళ తరబడి కంటపడలేదు. ప్రపంచంలో మరెక్కడా లేని పిట్ట ఇది.

2013లో స్కాట్లండులో ఒక వింత జరిగింది. అబర్దీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో పాత గుడ్ల సొరుగులో ఒక గుడ్డు బయటపడింది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర పశువుల డాక్టరుగా ఉన్న ఒక దొర సేకరించినది. పరీక్షలు చేసి చూస్తే అది కలివికోడి గుడ్డేనని రుజువయింది. మన నేల మీద పెట్టిన గుడ్డు తొంభై అయిదేళ్ళకు పైగా ఎవరూ గుర్తించకుండా ఉన్నది! లోకంలో తెలిసినది ఆ ఒక్క గుడ్డే. గూడు ఎలా ఉంటుందో, ఏ నెలలో పెడుతుందో, పిల్లలను ఎలా సాకుతుందో శాస్త్రంలో ఇంకా రాయలేదు.

బద్వేలు, అట్లూరు, సిద్ధవటం, ఒంటిమిట్ట వైపు మన సంఘాలున్నాయి. కొండ కింద జీవాలు కాచిన తాతలు, కలివికాయలకు పొదల్లో దూరిన అవ్వలు ఆ సంఘాలలో ఇంకా ఉన్నారు. సాయంకాలం ప్రార్థన ముగిసి వాకిట్లో కూర్చున్నప్పుడు, కలివికోడి నేల మీద గుడ్డు పెట్టగా ఎప్పుడైనా చూశారా అని వాళ్ళను అడగండి. ఏ చెట్టు కింద, ఏ నెలలో, ఎన్ని గుడ్లు అని వాళ్ళు చెప్పినది చెప్పినట్టు ఒక నోటుపుస్తకంలో రాయండి. తారీఖు వేయండి, చెప్పినవారి పేరు కూడా వేయండి.