మల్లెలు సరే, మిద్దె సంగతేంది?

మొన్న వీకెండ్ సిర్గాపూర్ వెళ్తే పెరట్లో మల్లెచెట్టు విరగబూసి ఉంది. జనవరిలో కొమ్మలు కత్తిరించానని అమ్మ తిట్టింది కానీ, మల్లె పూసేది కొత్త చిగుళ్లకే! స్టేటస్ పెడుతుంటే అమ్మ పైకి చూపించింది: "పూలు సరే బిడ్డా, మిద్దె సంగతేంది?"

మాది మట్టి మిద్దె. వానలకు పైమట్టి కొట్టుకుపోతుంది. అందుకే ఎండాకాలంలోనే సౌడు మన్ను పరవాలి. అది తడిస్తే మెత్తబడి సందులు మూసుకుంటాయి, నీళ్లు కిందికి దిగవు. ఏటా నాన్నే పోసేవాడు. ఆయన పోయాక నిరుడు ఎవరూ పోయలేదు. వాన పడ్డ రాత్రి అమ్మ మంచం జరుపుకుంటూ కూర్చుందట, నాకు ఫోన్ కూడా చేయలేదు.

ఈసారి గంపలు నేనే మోశాను. భుజాలు కమిలాయి. స్లాబ్ వేద్దామంటే "ఎండలకు గింత సల్లగుంటదా?" అంది. ఇంకో సగం మిద్దె మిగిలింది. వచ్చే శనివారం మళ్లీ బస్సెక్కాలి.