జ్వరానికి రాసిన డాక్సీసైక్లిన్ మాత్ర – తెలిసి వాడుకుందాం



వానలు పడి పొలం గట్ల మీద గడ్డి మోకాలెత్తు పెరిగేసరికి మా ఓ.పి.లో జ్వరాల వరుస కూడా పెరుగుతుంది. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పేర్లు అందరికీ తెలిసినవే. అదే వరుసలో పేరు తెలియకుండా వచ్చే జ్వరం ఇంకొకటి ఉంది. దాన్ని స్క్రబ్ టైఫస్ అంటారు. దానికి ముఖ్యమైన మందు డాక్సీసైక్లిన్. ఇది ఖరీదైన మందేమీ కాదు. వేళకు పడితే ప్రాణం నిలబెడుతుంది. అయితే వారం రోజుల కోర్సును రెండో రోజే ఆపేసినవారు, నీళ్ళు లేకుండా మింగి గుండెలో మంటతో పరుగెత్తుకొచ్చినవారు, తమకు రాసిన మాత్రను ఇంట్లో గర్భిణికి వేసినవారు కూడా మా దగ్గరకు వస్తుంటారు. మందు మంచిదే. వాడే తీరు తెలియకపోతే ఆ మంచి మనకు దక్కదు. అందుకే ఈ సంచికలో ఈ ఒక్క మాత్ర గురించే వివరంగా రాస్తున్నాం.

ఈ మందు ఎక్కడిది?

డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ అనే కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్. ఈ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. 1948లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల నుంచి అది వెలువడింది. మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి దాన్ని కనుగొన్నవారు బెంజమిన్ డుగ్గర్. ఆ రోజుల్లో లెడర్లే పరిశోధనలకు డైరెక్టరుగా ఉన్నది మన తెలుగువాడే. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆరియోమైసిన్ లోకానికి తెలిసిన 1948లోనే ఆయన కన్నుమూశారు. తరువాత అదే కుటుంబంలో డాక్సీసైక్లిన్ తయారై 1967 నుంచి వాడకంలోకి వచ్చింది. పాత టెట్రాసైక్లిన్‌ను రోజుకు నాలుగుసార్లు వేసుకోవలసి వచ్చేది. ఇది ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కనుక రోజుకు ఒకటి రెండుసార్లు చాలు.

అట్ట మీద పెద్ద అక్షరాలతో కంపెనీ పెట్టిన పేరు ఏదైనా ఉండవచ్చు. దాని కింద చిన్న అక్షరాలతో డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. అని ఉందేమో చూడండి. చదవడం రాకపోతే ఫార్మసీలో అడగండి. అడిగినందుకు ఎవరూ కోప్పడరు.

ఏ జబ్బులకు వాడతారు?

స్క్రబ్ టైఫస్‌కు, ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే ఎలుక జ్వరానికి, కలరాకు, కొన్ని రకాల న్యుమోనియాకు, కొన్ని సుఖవ్యాధులకు, ముదిరిన మొటిమలకు దీన్ని వాడతారు. పశువుల నుంచి సోకే బ్రూసెల్లోసిస్‌కు వేరే మందుతో కలిపి ఇస్తారు. జబ్బును బట్టి మోతాదు, రోజులు మారతాయి. పక్కింటివారికి రాసిన లెక్క మీకు సరిపోదు.

దీనితో తగ్గనివి కూడా తెలుసుకోవాలి. జలుబు, ఫ్లూ, డెంగీ, చికున్‌గున్యా వైరస్ వల్ల వస్తాయి. యాంటీబయాటిక్ ఏదీ వైరస్ మీద పనిచేయదు. అవసరం లేని జ్వరానికి ఈ మందు వాడుతూ పోతే ఒంట్లోని సూక్ష్మజీవులు దానికి అలవాటుపడి మొండికేస్తాయి. నిజంగా అవసరం పడినప్పుడు మందు పనిచేయకుండా పోతుంది. డాక్టరు చీటీ మీదే అమ్మాలని చట్టం పెట్టింది అందుకే.

నల్లమచ్చ కోసం వెతకండి

స్క్రబ్ అంటే పొదలు. పొదల్లో, గడ్డిలో, చేల గట్ల మీద కంటికి ఆననంత చిన్న పురుగులు ఉంటాయి. ఇవి మంచాల్లో ఉండే నల్లులు కావు. మిరప రైతులు నల్లి అని పిలిచే పురుగుకు దూరపు చుట్టాలు. వాటి పిల్లలు కుట్టినప్పుడు నొప్పి తెలియదు. ఆ పురుగులో రోగక్రిమి ఉంటే, కుట్టిన పది పన్నెండు రోజులకు జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఒళ్ళునొప్పులు మొదలవుతాయి.

కుట్టిన చోట చాలామందికి సిగరెట్టుతో కాల్చినట్టు ఒక నల్లని చెక్కు కడుతుంది. అది నొప్పి పెట్టదు, దురద పెట్టదు. చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుము దగ్గర బట్ట బిగుతుగా ఉండే చోట దాగి ఉంటుంది. రోగికి కనపడదు, సిగ్గుపడి చూపించరు. అందుకే జ్వరంతో వచ్చినవారిని మా సిస్టర్లు తెర చాటున ఒళ్ళంతా పరీక్షిస్తారు. దయచేసి సహకరించండి. ఆ ఒక్క మచ్చ జబ్బు పేరు చెప్పేస్తుంది. మచ్చ లేనంత మాత్రాన జబ్బు లేదని కూడా అనుకోరాదు.

మొదటి వారంలో రక్తపరీక్షలో ఈ జబ్బు కొందరికి బయటపడదు. అందువల్ల లక్షణాలు చూసి అనుమానం బలంగా ఉంటే డాక్టరుగారు ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. పారాసిటమాల్‌తో, సెలైన్ సీసాలతో పది రోజులు గడిపి, ఊపిరి అందని స్థితిలోనో, పచ్చకామెర్లతోనో, మూత్రం తగ్గిపోయాకో వచ్చేవారి పరిస్థితి వేరు. అప్పుడు మాత్రలు చాలవు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యుల ఆధ్వర్యంలో మన దేశంలోని ఏడు ఆసుపత్రులలో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. జబ్బు ముదిరినవారికి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఎక్కిస్తే, ఒక్కటే ఇచ్చినదానికన్నా మేలని తేలింది. మరణం, తగ్గని జ్వరం, మిగిలిపోయిన చిక్కులు కలిపి లెక్కిస్తే, ఒక్క మందే ఇచ్చినవారిలో నూటికి 47, 48 మందికి అలా జరిగింది. రెండూ ఇచ్చినవారిలో అది 33 మందికే. అంత మంచి చికిత్స అందినా వందలో 33 మంది ఇబ్బందిపడ్డారని కూడా ఇందులో గమనించాలి. ఆలస్యం చేయవద్దని మేము పదే పదే చెప్పేది ఇందుకే.

ఎలా మింగాలి?

స్క్రబ్ టైఫస్‌కు పెద్దవారికి సాధారణంగా 100 మి.గ్రా. మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి చొప్పున ఏడు రోజులు రాస్తారు. మీ చీటీలో ఎలా ఉంటే అలాగే వాడండి.

1. ఏదైనా తిన్న తరువాత వేసుకోండి. పరగడుపున వేసుకుంటే వికారం, వాంతి రావచ్చు.

2. కూర్చునో నిలబడో, పెద్ద గ్లాసు నిండా నీళ్ళతో మింగండి. ఒక్క గుక్క చాలదు.

3. మింగాక కనీసం అరగంట నడుము వాల్చవద్దు. మాత్ర అన్నవాహికలో అతుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. గుండెపోటు వచ్చిందేమో అనిపించేంత నొప్పి వస్తుంది, మెతుకు దిగదు. రాత్రి మాత్రను పడుకోబోయే ముందు కాక, భోజనం అయిన వెంటనే వేసుకోండి. మంచం మీద ఉన్న ముసలివారికి లేపి కూర్చోబెట్టి వేయండి.

4. పాలతో, మజ్జిగతో మింగవద్దు. పాలలోని కాల్షియం మందును కొంత పట్టి ఉంచుతుంది. మంచినీళ్ళే మంచివి.

5. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తరువాతి మాత్ర వేళ దగ్గరపడితే మరిచినదాన్ని వదిలేయండి. రెండూ కలిపి వేసుకోరాదు.

స్క్రబ్ టైఫస్ జ్వరం ఈ మందుకు చాలామందిలో రెండు రోజుల్లోనే దిగిపోతుంది. ఆపదంతా అక్కడే ఉంది. కూలి పోతుందని, మాత్రలు దాచుకుందామని కోర్సు ఆపేస్తారు. క్రిములు పూర్తిగా పోకముందే ఆపితే జ్వరం తిరగబెట్టవచ్చు. రాసినన్ని రోజులూ వాడండి. మూడో రోజుకు కూడా జ్వరం తగ్గకపోతే ఇంట్లో ఉండిపోకుండా మళ్ళీ రండి. జబ్బు వేరేది కావచ్చు.

వేరే మందులు వాడుతుంటే

అసిడిటీకి తాగే గులాబీ రంగు, తెల్ల రంగు టానిక్కులు, ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, జింకు – ఇవన్నీ డాక్సీసైక్లిన్‌ను కడుపులోనే కట్టేస్తాయి. వీటికి, దీనికి మధ్య రెండు మూడు గంటల తేడా ఉండాలి. ఐరన్ మాత్రను కోర్సు అయ్యేదాకా ఆపమని కూడా డాక్టరుగారు చెప్పవచ్చు. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటాల్, టి.బి.కి వాడే రిఫాంపిసిన్ దీని బలాన్ని తగ్గిస్తాయి. సారాయి ఎక్కువగా తాగే అలవాటు ఉన్నవారిలోనూ అంతే. గుండె కవాటం మార్పించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి రక్తస్రావం ఎక్కువ కావచ్చు. ఈ మందులేవీ సొంతంగా ఆపవద్దు. వాడుతున్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకొచ్చి డాక్టరుగారికి చూపించండి.

దుష్ఫలితాలు

వికారం, కడుపునొప్పి, కొద్దిపాటి విరేచనాలు మామూలుగా కనిపించేవి. కొందరు స్త్రీలకు తెల్లబట్ట, దురద రావచ్చు. ఈ మందు వాడేటప్పుడు ఎండ తగిలితే చర్మం త్వరగా కమిలిపోతుంది. కలుపు తీసేవారు, ఉపాధి పనికి వెళ్ళేవారు పొడుగు చేతుల చొక్కా వేసుకుని తలకు తువ్వాలు చుట్టుకోవాలి. ఆ వారం నీడన ఉండగలిగితే మరీ మంచిది.

కింది వాటిలో ఏది కనిపించినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి రండి:

– ముఖం, పెదవులు వాయడం, ఆయాసం, ఒళ్ళంతా దద్దుర్లు లేదా బొబ్బలు

– మింగలేనంత నొప్పి

– చూపు మసకబారుతూ తీవ్రమైన తలనొప్పి

– ఆగని నీళ్ళ విరేచనాలు, రక్త విరేచనాలు. మందు పూర్తయిన కొన్ని వారాలకు వచ్చినా సరే చెప్పండి.

మందు వేసిన ప్రతిసారీ వెంటనే వాంతి అవుతుంటే కూడా రండి. లోపలికి పోని మందు పనిచేయదు.

గర్భిణులు, పిల్లలు

గర్భిణులకు మామూలుగా ఈ మందు ఇవ్వం. కడుపులోని బిడ్డ పళ్ళ మీద, ఎముకల మీద ఈ కుటుంబపు మందుల ప్రభావం పడవచ్చు. కాని గర్భిణికి స్క్రబ్ టైఫస్ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదమే. అజిత్రోమైసిన్ అనే వేరే మందు ఉంది. కాబట్టి మందు పడదని ఇంట్లో కూర్చోకుండా, ఎన్నో నెలో చెప్పి చికిత్స చేయించుకోండి. నెల తప్పిన అనుమానం ఉన్నా, పాలిచ్చే తల్లి అయినా ముందుగా చెప్పాలి.

ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ ఇస్తే పళ్ళు పసుపుపచ్చగా మారతాయని పెద్దలు భయపడతారు. పాత మందు విషయంలో ఆ భయం నిజమే. డాక్సీసైక్లిన్ కాల్షియాన్ని అంతగా పట్టుకోదు. స్క్రబ్ టైఫస్ వంటి ప్రాణాపాయ జ్వరానికి కొద్దిరోజులు ఇచ్చినందువల్ల పళ్ళు పాడుకావని నేటి వైద్యుల అభిప్రాయం. పిల్లల డాక్టరుగారు బరువు చూసి రాస్తే కాదనవద్దు. మీ అంతట మీరు మాత్ర విరిచి వేయనూ వద్దు.

ఉపవాసం, ప్రార్థన, మందు

శ్రమల కాలంలోనూ, శుక్రవారపు ఉపవాస కూడికలప్పుడూ చాలామంది నీళ్ళు కూడా ముట్టకుండా మాత్ర మానేస్తారు, లేదా ఖాళీ కడుపుతో మింగుతారు. జబ్బుగా ఉన్నప్పుడు ఉపవాసం వాయిదా వేసుకోవడం అవిశ్వాసం కాదు. హిజ్కియా రాజు మరణకరమైన రోగంలో కన్నీళ్ళతో ప్రార్థించాడు. దేవుడు విన్నాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టించాడు. ప్రార్థనా, మందూ ఒకే ఇంట్లో ఉండదగినవే. మేమూ ప్రతి ఉదయం ప్రార్థన చేసుకునే వార్డులోకి అడుగుపెడతాం. పాస్టరుగార్లు, స్త్రీల సమాజం అక్కలు జ్వరంతో ఉన్నవారిని పరామర్శించినప్పుడు ప్రార్థించాక ఒక్క మాట అడగండి: "మాత్ర వేసుకున్నారా? ఇంకా ఎన్ని రోజులు మిగిలింది?"

చివరిగా

మిగిలిన మాత్రలు దాచవద్దు. ఈ కుటుంబానికి చెందిన పాత టెట్రాసైక్లిన్ గడువు దాటి పాడయ్యాక మింగినవారికి మూత్రపిండాలు దెబ్బతిన్న సందర్భాలున్నాయి. పొలం పనికి పూర్తిగా ఒళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. గడ్డి మీద నేరుగా కూర్చోకండి, పడుకోకండి, బట్టలు ఆరేయకండి. ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేసి, విడిచిన బట్టలు ఉతికేయండి. ఇంటి చుట్టూ పొదలు కొట్టించండి. ఒకసారి వచ్చినవారికి ఈ జబ్బు మళ్ళీ రావచ్చు.

అయిదు రోజులు దాటిన జ్వరం ఏదైనా సరే, ఇంటి వైద్యంతో ఆరో రోజుకు దాటనీయకండి. ఆయాసమో, మగతో ఉంటే అయిదు రోజులు కూడా ఆగవద్దు. ఒళ్ళంతా చూసుకోండి, నల్లమచ్చ ఉంటే దాచకుండా చూపించండి, రాసిన మందు ఆఖరి మాత్ర దాకా వేసుకోండి. ప్రభువు మీ కుటుంబాలను ఆరోగ్యంతో కాపాడును గాక.