వార్సా వాద్యబృందము

వయొలిన్ పడమటి దేశములనుండి వచ్చిన వాద్యమే యైనను నేడు తెలుగువారికి పరాయిది కాదు. ద్వారం వేంకటస్వామినాయుడుగారి వంటి విద్వాంసులు ఆ యొక్క వాద్యముతోనే కచేరీ యంతయు నడిపిరి. మన కచేరీకి ఒక వయొలిన్, దానికి తోడు ఒక మృదంగము ఉన్న చాలును. ఐరోపావారి పద్ధతి వేరు. అచ్చట పెక్కు వయొలిన్లు ఒక్కమాఱు మ్రోగును. వయొలిన్‌కంటె కొంచెము పెద్దదైన వయోలా, మోకాళ్ల నడుమ నిలిపి వాయించు చెల్లో, మనిషిని మించిన ఎత్తుగల డబుల్ బాస్, వీనికి తోడు ఊదుడు వాద్యములు, చర్మవాద్యములు చేరి, ఎనుబది తొంబదిమంది గల మహాబృందమగును. దానిని సింఫనీ ఆర్కెస్ట్రా యందురు. ఇరువదిమందికి అటునిటుగా ఉండునది ఛేంబర్ ఆర్కెస్ట్రా. ఛేంబర్ అనగా గది. పూర్వము ప్రభువుల మందిరములలో కొలదిమంది శ్రోతలయెదుట వాయించుటచే దీనికీ పేరు కలిగెను.

చిన్న బృందము గదా, పని సులభమని తలపరాదు. పెద్ద బృందములో ఒకని కమాను తడబడినను పదునేనుగురి నాదములో ఆ తప్పు మునిగిపోవును. ఐదాఱుగురు మాత్రమే ఉన్నచోట దాగుటకు తావులేదు. ప్రతివాడును తన తీగను ఎంత శ్రద్ధగా మీటునో, ప్రక్కవాని నాదమును అంత శ్రద్ధగా వినవలెను. పోలెండు దేశమున ఇట్టి చిన్న బృందమొకటి ఈ విద్యను సాధించియే లోకప్రసిద్ధి గాంచినది.

పోలెండు రాజధాని వార్సా. రెండవ ప్రపంచయుద్ధమున ఆ నగరము పడినన్ని పాట్లు ఏ కొలది నగరములో పడినవి. 1940లో జర్మను సైనికులు అచ్చటి పార్కులోని షొపేన్ విగ్రహమును ప్రేలుడు మందుతో కూల్చివేసిరి. షొపేన్ పోలెండు ప్రజలకు ప్రాణప్రదుడైన స్వరకర్త. శత్రువు సంగీతకారుని విగ్రహమును గూడ విడువకుండుటను బట్టి, ఆ ప్రజలకు సంగీతమన్న ఏమో శత్రువునకు తెలిసియుండెననవలెను. యుద్ధము ముగియునప్పటికి నగరమున అధికభాగము శిథిలమైయుండెను. ప్రజలు ఇటుకపై ఇటుక పేర్చి దానిని మరల కట్టుకొనిరి. షొపేన్ విగ్రహము 1958లో తిరిగి నిలిచెను.

అట్లు లేచిన నగరమున, 1972లో, వార్సా ఛేంబర్ ఆపెరా అను సంస్థ నీడలో యెర్జీ మాక్సిమియుక్ అను యువసంచాలకుడు తీగవాద్యకారులను కూర్చి పోలిష్ ఛేంబర్ ఆర్కెస్ట్రాను స్థాపించెను. వాద్యకారుల యెదుట నిలిచి, చేతి సంజ్ఞలతో లయను, బిగువును నడిపించువాడే సంచాలకుడు. మాక్సిమియుక్ అభ్యాసమున కఠినుడు. అతడు కోరు వేగము అసాధారణము. అంత వేగమునందును ప్రతి స్వరము ముత్యమువలె విడివిడిగా వినబడవలెనని అతని పట్టుదల. కొలది యేండ్లలోనే ఆ బృందమునకు విదేశములనుండి పిలుపులు వచ్చెను. ఇంగ్లండులోని ఇ.ఎం.ఐ. సంస్థ వారి వాదనమును రికార్డులుగా వెలువరించెను.

ఇంతలో దేశమునకు కష్టకాలము దాపురించెను. 1981 డిసెంబరు 13వ తేదీన పోలెండులో సైనికశాసనము ప్రకటింపబడెను. అది 1983 జులైవఱకు సాగెను. మాంసమువంటి ఆహారవస్తువులు సైతము రేషను కార్డులపై పొందవలసిన దినములవి. 1983లోనే మాక్సిమియుక్ స్కాట్లండులోని బి.బి.సి. స్కాటిష్ సింఫనీ ఆర్కెస్ట్రాకు ప్రధాన సంచాలకుడయ్యెను. నాయకుని దృష్టి అన్యత్ర మరలినప్పుడు బృందములు చెదరుట లోకములో కద్దు. ఈ బృందము చెదరలేదు, పెరిగెను. అది జరిగిన తీరు వినదగినది.

1984లో వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్‌ను వార్సాకు ఆహ్వానించిరి. ఈయన మనకును తెలిసినవాడే. 1952లో నెహ్రూగారి ఆహ్వానముపై భారతదేశమునకు వచ్చి, బి.కె.ఎస్. అయ్యంగారి వద్ద యోగాసనములు అభ్యసించినవాడు. మెనూహిన్ వయొలిన్ వాయించుటయే గాక సంచాలకుడుగా కూడ నిలువవలసియుండెను. తలపెట్టిన రచనలకు తీగవాద్యములు మాత్రము చాలవు. ఊదుడు వాద్యములును కావలెను. అందుచే పోలెండు నలుమూలలనుండి మేటి వాద్యకారులను రప్పించి చేర్చుకొనిరి. ఆ కచేరీలు శ్రోతలను ముగ్ధులను గావించెను. మెనూహిన్ సైతము సంతసించి, ఆ బృందమునకు ప్రధాన అతిథి సంచాలకుడుగా నుండుటకు సమ్మతించెను. అతిథికొఱకు కూడిన బృందము స్థిరమై నిలిచిపోయెను. దానికి సింఫోనియా వార్సోవియా అని పేరిడిరి. వార్సోవియా యనునది వార్సాకు లాటిను పేరు.

పాత తీగవాద్య బృందమే ఈ క్రొత్త ఆర్కెస్ట్రాకు వెన్నెముక. అందుచే బృందము పెద్దదైనను చిన్ననాటి అలవాటు, అనగా ఒకరినొకరు వినుట, తప్పలేదు. మెనూహిన్ వారితో బీథోవెన్ సింఫనీలు తొమ్మిదింటిని రికార్డు చేయించెను. షూబర్ట్ సింఫనీలను గూడ చేయించెను. 1999లో మరణించువఱకు ఆయనకు వారితో మైత్రి చెడలేదు. అంతకు ముందే, 1997లో, పోలెండు స్వరకర్త క్షిష్టోఫ్ పెండెరెట్‌స్కీ ఆ బృందమునకు సంగీత నిర్దేశకుడయ్యెను. హిరోషిమా మృతుల స్మృతికి 52 తీగవాద్యములతో విలాపగీతమును కూర్చినవాడితడే. 2020లో ఇతడు దివంగతుడయ్యెను.

ఇంత కీర్తి గడించినను, సొంతయిల్లు మాత్రము ఆ బృందమునకు చాలకాలము దొరకలేదు. తుదకు వార్సాలో గ్రొహోవ్‌స్కా వీథిలో, పూర్వము పశువైద్య విద్యాలయముండిన పాత భవనములు వారి వశమయ్యెను. ఆ యావరణలో సంగీతశాల నిర్మించుటకై 2010లో జరిగిన పోటీలో ఆస్ట్రియా వాస్తుశిల్పి థామస్ పుఖర్ రచించిన నమూనా ఎన్నికయ్యెను. ఒకప్పుడు గుఱ్ఱములకు చికిత్స నేర్పిన ఆ గదులలో పిదప వయొలిన్లు మ్రోగెను. వాని కమానులకు కట్టునది గుఱ్ఱపుతోక వెండ్రుకలే.