ఇంజను వేడికి ఇద్దరు సాక్షులు

కారు గల ఇండ్లలో తరచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి కలదు. ఉదయము బండి చక్కగనే కదలును. ఇంజను వేడెక్కిన పిదప నల్లని పొగ చిమ్మును, పెట్రోలు విపరీతముగా త్రాగును. ప్లగ్గులు మార్చుదురు, ఫిల్టరు మార్చుదురు. డబ్బు పోవును గాని జబ్బు పోదు. అసలు దోషము బొటనవ్రేలంత సెన్సరులో ఉండవచ్చును. దానిని మార్చుటకు ముందు పరీక్షించు విధమును నేడు ముచ్చటింతము.

మన దేశమున 2000వ సంవత్సరమున కాలుష్య నిబంధనలు బిగిసినవి. ఆ కాలమున పెట్రోలు కార్లలో కార్బ్యురేటరు క్రమముగా తొలగి, ఇంజెక్షన్ పద్ధతి వచ్చినది. అంతకుముందు చలి ఉదయములందు మనమే చోకు లాగెడివారము. ఇంజెక్షన్ కారులో ఆ పని కంప్యూటరుది. ఇంజను చల్లగా ఉన్నదో, వేడిగా ఉన్నదో దానికి తెలుపునది నీటి దారిలో బిగించిన సెన్సరు. అందులోని థర్మిస్టరు స్వభావము విచిత్రమైనది. లోహపు తీగకు వేడి పెరిగిన కొలది విద్యున్నిరోధము పెరుగును, దీనికి తగ్గును.

సెన్సరులో తీగ తెగినచో నిరోధము అపారమగును. ఇంజను మంచులో ఉన్నదని కంప్యూటరు భ్రమించి పెట్రోలు హెచ్చుగా పోయును. తీగలు ఒకదానికొకటి తగిలినచో మిక్కిలి వేడిగా ఉన్నదని భ్రమించి పెట్రోలు తగ్గించును. అప్పుడు చల్లని ఇంజను స్టార్టు కాదు. ఇట్టి దోషములను పసిగట్టి, హెచ్చరిక దీపము వెలిగించు కంప్యూటర్లు కలవు. సెన్సరు పూర్తిగా చెడక అబద్ధము చెప్పునపుడే చిక్కు. అప్పుడు దీపము వెలుగకపోవచ్చును.

మరియొక పొరపాటు కలదు. పెక్కు పాత కార్లలో సాక్షులు ఇద్దరు. డాష్‌బోర్డుపై ముల్లును కదల్చునది ఒకటి. దానికి సాధారణముగా ఒకే తీగ. కంప్యూటరుకు తెలుపునది వేరొకటి. దానికి రెండు తీగలు. ముల్లు సరిగా ఉన్నది గనుక సెన్సరు మంచిదే అనుకొనుట సరికాదు.

ఇక పరీక్ష. రాత్రియంతయు నిలిచిన బండిని ఉదయముననే చూడవలెను. తాళము ఆపి, సెన్సరు ప్లగ్గును ఊడదీసి, రేడియో మరమ్మతుదారు వాడు మల్టీమీటరును ఓములకు త్రిప్పి, సెన్సరు రెండు కొనలకు తాకింపవలెను. బోష్, జపాను రకములు పెక్కింటిలో 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 2,500 ఓములు, 30 వద్ద సుమారు 1,700, 40 వద్ద సుమారు 1,150, 80 వద్ద 300 మొదలు 350 వరకు ఉండును. మీ బండి లెక్కను దాని మాన్యువల్‌లో సరిచూచుకొనవలెను. పిదప ప్లగ్గు తగిలించి, ఇంజనును బాగుగా వేడెక్కనిచ్చి, ఆపి, మరల కొలువవలెను. తిరుగు ఫ్యానుకు, వేడి గొట్టములకు చేయి దూరముగా ఉంచుడు. రేడియేటరు మూతను మాత్రము వేడి మీద ఎన్నడును తీయరాదు. ఎగజిమ్ము ఆవిరి ముఖమును కాల్చును.

అనుమానము తీరనిచో, చల్లారిన ఇంజను నుండి సెన్సరును విప్పి, దాని లోహపు కొనను నీటిలో ముంచి, థర్మామీటరు ఉంచి కాచుడు. ఓములు క్రమముగా దిగవలెను. నడుమ ఎగిరి దుమికినచో సెన్సరు చెడినట్లే. ఇందుకు వంటపాత్ర వాడరాదు. విప్పునపుడు కారు కూలెంటు తియ్యగా ఉండు విషము; పిల్లలకు, పెంపుడు జంతువులకు అందనీయరాదు.

సెన్సరు మంచిదైనచో తీగలను చూడవలెను. ఊడదీసిన ప్లగ్గు వద్ద, తాళము త్రిప్పినప్పుడు, సాధారణముగా 5 వోల్టులు కనబడవలెను. అవియు సరిగా ఉన్నచో థర్మోస్టాటును చూడుడు. అది తెరచుకొనియే నిలిచిపోయినచో ఇంజను నిజముగనే వేడెక్కదు. సెన్సరు ఆ నిజమునే చెప్పుచుండును. నిజము పలికిన సాక్షిని మార్చినందువలన నేరము తీరదు గదా! కావున ముందు కొలత, ఆ పిమ్మటనే కొనుగోలు.