మూడు గెట్ల పొలము: చుట్టుకొలతయు వైశాల్యమును

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల పట్టాదారులకు తెలియజేయునది యేమనగా:

చెరువు కాలువయో, బాటయో, మేడ్చల్ మీదుగా నిజామాబాదునకు పోవు రైలుమార్గమో చెలకను ఏటవాలుగా కోసిన చోట మూడు గెట్ల ముక్క మిగులును. అట్టి ముక్కలను అన్నదమ్ములు పంచుకొనునప్పుడు, చుట్టును గొలుసు పట్టి, చుట్టుకొలతలు సమానమైనచో భూమియు సమానమేయని కొందఱు సమ్మతింతురు. ఇందుచేత ఒకనికి సగము భూమి పోవచ్చును.

33 అడుగుల గొలుసు తీసికొందము. ప్రక్క కొక గొలుసు చొప్పున గల నలుచదరము 121 చదరపు గజములు, అనగా సరిగా ఒక గుంట. 40 గుంటలు ఎకరము. కావున ఈ గొలుసుతో కొలిచిన లెక్క గుంటలలోనే తేలును.

ఒక చెలక గెట్లు 13, 14, 15 గొలుసులు. వేఱొకదాని గెట్లు 7, 15, 20. రెంటి చుట్టుకొలతయు 42 గొలుసులే. మొదటిది 2 ఎకరముల 4 గుంటలు. రెండవది 1 ఎకరము 2 గుంటలు మాత్రమే. కంచె ఖర్చు సమానము, పంట సగము!

లెక్క చేయు విధ మిది. మూడు గెట్లను కూడి సగము చేయగా 21. ఇందుండి గెట్లను వేఱువేఱుగా తీసివేయగా 8, 7, 6 మిగులును. 21, 8, 7, 6 లను వరుసగా గుణింపగా 7056. దీని వర్గమూలము, అనగా దేనిని దానితోనే గుణించిన 7056 అగునో ఆ సంఖ్య, 84. ఇవి గుంటలు. రెండవదానికి మిగులునవి 14, 6, 1, గుణింపగా 1764, వర్గమూలము 42. ఒక గెట్టు తక్కిన రెంటి మొత్తమునకు ఎంత సమీపించిన, చెలక అంత సన్నని చీలిక యగును. మూడు గెట్లును 14 గొలుసులే యైనచో ఇంచుమించు 85 గుంటలు వచ్చును. 42 గొలుసుల చుట్టుకొలత గల ముక్కోణములలో ఇంతకు మించినది లేదు.

గెట్టునుండి ఎదుటి మూలకు లంబము కొలిచి, గెట్టులో సగముచే గుణించుటయు సరియే. కాని నిలిచిన పైరులోను, బావి అడ్డమైన చోటను లంబము పట్టుట కష్టము.

ఈ లెక్క క్రొత్తది కాదు. బ్రహ్మగుప్తుడు 628లోనే దీనిని సూక్ష్మమని చెప్పి, ఒక గెట్టు సగమును తక్కిన రెంటి మొత్తములో సగముచే గుణించుటను స్థూలమనెను. ఆ స్థూలపు లెక్కను 20 గొలుసుల గెట్టునుండి చేసినచో మన రెండవ చెలక 42కు మారు 110 గుంటలగును; కొనువా డెంత నష్టపడునో చూడుడు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన 11వ శతాబ్దముననే తెనిగించియుండగా, ఈ గణితము మన భాషకు పరాయిదనుట తగదు.

సన్నని ముక్కలయందు గొలుసు బిగువుగా పట్టవలెను. మొదటి చెలకలో 14 గొలుసుల గెట్టును అర గొలుసు ఎక్కువగా కొలిచిన తేడా 2 గుంటలు. రెండవదానిలో 15 గొలుసుల గెట్టున అదే పొరపాటు నాలుగున్నర గుంటలకు పైబడును. రెండు గెట్లు కలిసి మూడవదానికంటె ఎక్కువ కానిచో అట్టి పొలమే యుండదు, మరల కొలువవలెను.

నాలుగు గెట్ల పొలమునకు నాలుగు కొలతలు చాలవు. ఒక మూలనుండి ఎదుటి మూలకు అడ్డముగా గొలుసు లాగి, రెండు ముక్కోణములుగా చేసి, వేఱువేఱుగా లెక్కించి కూడవలెను.